హెచ్-1బి ఉద్యోగిని స్పాన్సర్ చేసే చిన్న సంస్థ యజమాని చట్టపరమైన విధులు: ఎల్‌సీఏ నుంచి చివరి పే స్టబ్ వరకు

అమెరికాలో తెలుగువారు నడుపుతున్న చిన్న ఐటీ కన్సల్టింగ్ సంస్థలు న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల, టెక్సస్‌లోని ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో చాలానే ఉన్నాయి. వీటిలో ఎక్కువ సంస్థలకు, విదేశీ నిపుణులను ఉద్యోగంలో పెట్టుకోవడానికి ఉపయోగపడే హెచ్-1బి వీసా కోసం పిటిషన్ వేయించడం బాగా తెలుసు. కాని ఆమోదం వచ్చాక మూడేళ్లపాటు యజమానిగా తాము మోయవలసిన బాధ్యతల వివరాలు మాత్రం లాయరు పంపిన ఫైలులోనే ఉండిపోతాయి. ఆ యజమానుల కోసం, ఆ సంస్థల్లో హెచ్ఆర్, పేరోల్ పనులు చూసేవారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మొదటి నుంచి చివరి వరకు మనసులో ఉంచుకోవలసిన విషయం ఒకటే. పిటిషన్‌కు ముందు కార్మిక శాఖకు వేసే లేబర్ కండిషన్ అప్లికేషన్, అంటే ఎల్‌సీఏ, మీద సంతకం పెట్టినవారు క్లయింటు బిల్లు చెల్లించినా చెల్లించకపోయినా, ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా ఆ ఉద్యోగికి అందులో రాసిన జీతం ఇస్తామని అమెరికా ప్రభుత్వానికి మాట ఇస్తున్నారు. కింద చెప్పే పనులన్నీ ఆ మాట నిలబెట్టుకోవడానికి, నిలబెట్టుకున్నట్టు కాగితం మీద చూపించుకోవడానికి ఉద్దేశించినవే.

మొదటి అడుగు: హెచ్-1బి లాటరీ రిజిస్ట్రేషన్‌కు ముందు సంస్థ లెక్క తేల్చుకోవాలి

పూర్తికాల ఉద్యోగులు 25 మంది లేదా అంతకంటే తక్కువ ఉన్న సంస్థలో ఏడుగురి కంటే ఎక్కువ మంది హెచ్-1బి వారైతే, 26 నుంచి 50 మంది ఉన్న చోట పన్నెండుగురి కంటే ఎక్కువైతే, 51 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట 15 శాతం లేదా అంతకు మించితే, చట్టం ఆ సంస్థను ‘హెచ్-1బి డిపెండెంట్’గా పరిగణిస్తుంది. మన కన్సల్టింగ్ సంస్థల్లో చాలావరకు దీని కిందికే వస్తాయి. అటువంటి సంస్థ స్థానిక ఉద్యోగులను తొలగించి ఆ స్థానంలో హెచ్-1బి వారిని పెట్టడం లేదని, ముందుగా స్థానికుల కోసం నిజాయితీగా నియామక ప్రయత్నం చేశామని అదనపు హామీలు ఇవ్వాలి. ఉద్యోగికి ఏటా కనీసం 60,000 డాలర్ల జీతం ఇస్తున్నా, ఆ వృత్తికి సంబంధించిన మాస్టర్స్ డిగ్రీ అతనికి ఉన్నా ఈ అదనపు హామీల నుంచి మినహాయింపు ఉంటుంది. మినహాయింపు వర్తించినా, డిపెండెంట్ అన్న ప్రశ్నకు ‘అవును’ అనే జవాబు ఇవ్వాలి. మినహాయింపు ఉంది కదా అని ‘కాదు’ అని గుర్తు పెడితే అది అబద్ధపు ప్రకటన అవుతుంది.

ఉద్యోగ ప్రకటన విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా కనిపించే ‘హెచ్-1బి, ఓపీటీ వారు మాత్రమే’ (ఓపీటీ అంటే విద్యార్థి వీసా మీద చేసే పని) వంటి ప్రకటనలు అమెరికా పౌరులను, గ్రీన్ కార్డుదారులను వారి హోదా కారణంగా పక్కన పెట్టినట్టవుతాయి. నలుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలకు ఈ వివక్షను చట్టం నిషేధించింది, దీనిమీద న్యాయశాఖలో ప్రత్యేక విభాగమే ఉంది. ప్రకటన పెట్టింది మీ రిక్రూటర్ అయినా బాధ్యత మీ సంస్థదే.

చివరిగా, ఉద్యోగం నిజంగా ఉండాలి. 2025 జనవరి 17 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, ఉద్యోగం ప్రారంభమయ్యే నాటికి స్పెషాలిటీ వృత్తిలో (సంబంధిత డిగ్రీ అవసరమైన పనిలో) నిజమైన పని సిద్ధంగా ఉందని చూపమని, క్లయింటుతో చేసుకున్న ఒప్పందాలు సమర్పించమని పిటిషన్లు పరిశీలించే ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ అడగవచ్చు. ఉద్యోగిని మూడో పక్షం దగ్గర స్టాఫింగ్‌కు పెడితే, డిగ్రీ అవసరమా కాదా అన్నదానికి మీ అవసరం కంటే ఆ క్లయింటు అవసరమే ప్రమాణం. ‘ముందు వీసా తెచ్చుకుందాం, ప్రాజెక్టు తరువాత చూసుకుందాం’ అనే పద్ధతికి కాలం చెల్లింది.

రెండో అడుగు: జీతం స్థాయి నిర్ణయించి ఎల్‌సీఏ వేయాలి

ఎల్‌సీఏను కార్మిక శాఖ నిర్వహించే ఫ్లాగ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఈటీఏ-9035 ఫారం ద్వారా వేస్తారు. కార్మిక శాఖ సాధారణంగా ఏడు పనిదినాల్లో ధ్రువీకరిస్తుంది. కొత్త సంస్థ అయితే ముందుగా సంస్థ పన్ను గుర్తింపు సంఖ్యను తనిఖీ చేస్తారు కనుక, లాటరీ (రిజిస్టర్ అయిన పేర్ల నుంచి జరిగే ఎంపిక) ఫలితం వచ్చాక హడావుడి పడకుండా ఆ పనిని ముందే పూర్తి చేసుకోవడం మంచిది. ఉద్యోగం మొదలయ్యే తేదీకి ఆరు నెలల కంటే ముందుగా ఎల్‌సీఏ వేయడం కుదరదు, గరిష్ఠ కాలపరిమితి మూడేళ్లు.

ఇవ్వవలసిన జీతాన్ని రెండు అంకెలను పోల్చి తేల్చాలి. అదే పని చేస్తున్న, అటువంటి అర్హతలే ఉన్న మీ ఇతర ఉద్యోగులకు వాస్తవంగా ఇస్తున్న జీతం ఒకటి, ఆ ప్రాంతంలో ఆ వృత్తికి చెల్లే ప్రివెయిలింగ్ వేజ్ రెండోది. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ప్రివెయిలింగ్ వేజ్‌కు నాలుగు స్థాయులున్నాయి. ఆ వృత్తి జీతాల వరుసలో సుమారు 17, 34, 50, 67వ పర్సెంటైల్ దగ్గర అవి వరుసగా ఉంటాయి. ఎనిమిదేళ్ల అనుభవం కావాలని, జట్టుకు నాయకత్వం వహించాలని ఉద్యోగ వివరణలో రాసి, జీతం దగ్గరికి వచ్చేసరికి మొదటి స్థాయి పెట్టడం పాత అలవాటు. ఆ రెండూ పక్కపక్కన చూసిన ఏ అధికారికైనా తేడా కనిపిస్తుంది. 2027 ఆర్థిక సంవత్సరపు ఎంపిక నుంచి లాటరీలో అవకాశాన్ని కూడా జీతం స్థాయికి ముడిపెట్టారు. నాలుగో స్థాయి వారి పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయి వారి పేరు ఒక్కసారి ఎంపికలోకి వెళుతుంది. కాబట్టి ఇప్పుడు అవకాశం కోసం స్థాయిని పెంచి చూపాలనే ప్రలోభం కూడా తోడైంది. రిజిస్ట్రేషన్‌లో చూపిన స్థాయి, ఎల్‌సీఏలో రాసిన స్థాయి, ఉద్యోగి నిజంగా చేసే పని, ఈ మూడూ కలవాలి.

మూడో అడుగు: నోటీసు, పబ్లిక్ యాక్సెస్ ఫైలు

ఎల్‌సీఏ వేసే రోజున గాని, అంతకు ముందు 30 రోజుల్లోపు గాని పని జరిగే చోట రెండు ప్రస్ఫుటమైన ప్రదేశాల్లో నోటీసు అతికించి, మొత్తం పది రోజులు ఉంచాలి. అక్కడ కార్మిక సంఘం ఉంటే దాని ప్రతినిధికి నోటీసు ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ ఇవ్వవచ్చు, అయితే ఆ స్థలంలో అదే వృత్తిలో ఉన్నవారందరికీ అది అందాలి. పని క్లయింటు ఆఫీసులో జరుగుతుంటే నోటీసు అక్కడే ఉండాలి, మీ ఆఫీసు గోడ మీద అతికిస్తే సరిపోదు. ఉద్యోగి ఇంటి నుంచే పని చేస్తుంటే ఆ ఇల్లే పని ప్రదేశం కనుక ఆ ఇంట్లోనే రెండు చోట్ల అతికించమంటారు. తన జీతం నోటీసును తన ఫ్రిజ్ తలుపు మీద తానే అతికించుకోవడం చూసి ఉద్యోగి నవ్వుకున్నా, తేదీలతో సంతకం చేసిన ఆ కాగితం రేపు మీకు రక్షణ. ధ్రువీకరించిన ఎల్‌సీఏ ప్రతిని పనిలో చేరే రోజుకల్లా ఉద్యోగి చేతికి ఇవ్వడం కూడా మరవకూడదు.

ఎల్‌సీఏ వేసిన మరుసటి పనిదినానికి పబ్లిక్ యాక్సెస్ ఫైలు సిద్ధంగా ఉండాలి. మీ ప్రధాన కార్యాలయంలో గాని, పని ప్రదేశంలో గాని ఎవరు వచ్చి అడిగినా చూపించవలసిన ఫైలు ఇది. ఇందులో ఎల్‌సీఏ ప్రతి, ఉద్యోగికి ఇచ్చే జీతం రేటు, వాస్తవ జీతాన్ని ఎలా నిర్ణయించారో వివరించే పత్రం, ప్రివెయిలింగ్ వేజ్ ఆధారం, నోటీసు ఇచ్చినట్టు రుజువు, ఉద్యోగులకు ఇచ్చే ప్రయోజనాల సారాంశం ఉండాలి. డిపెండెంట్ సంస్థ అయితే ఆ హోదాకు సంబంధించిన పత్రాలు కూడా చేర్చాలి. పాస్‌పోర్టు ప్రతులు, పే స్టబ్‌లు, ఉద్యోగికి పని చేసే అర్హత ఉందని తనిఖీ చేసే ఐ-9 ఫారాలు ఇందులో పెట్టకూడదు, వాటికి వేరే ఫైళ్లు ఉండాలి. ఎవరైనా చూడదగిన ఫైలులో ఉద్యోగి సొంత వివరాలు బయట పెట్టడం అనవసరమైన ఇబ్బంది. వాస్తవ జీతం వివరణ దగ్గర చాలా సంస్థలు రెండు వాక్యాలు రాసి వదిలేస్తాయి. అనుభవం, చదువు, బాధ్యతలు, ప్రత్యేక నైపుణ్యాలు జీతాన్ని ఎలా మారుస్తాయో స్పష్టంగా రాసిన ఒక పేజీ ఉంటే, ఒకే ఉద్యోగానికి ఇద్దరికి రెండు జీతాలు ఎందుకని ఎవరైనా అడిగినప్పుడు జవాబు ఆ పేజీలోనే దొరుకుతుంది.

నాలుగో అడుగు: పిటిషన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి

హెచ్-1బి పిటిషన్ వేసే ఐ-129 ఫారం రుసుము 780 డాలర్లు, చిన్న సంస్థలకు 460. మోసాల నివారణ రుసుము 500. శిక్షణ నిధి రుసుము 25 మంది వరకు ఉద్యోగులున్న సంస్థకు 750, ఆపైన 1,500. అసైలమ్ ప్రోగ్రామ్ రుసుము 600, చిన్న సంస్థలకు 300. రిజిస్ట్రేషన్‌కు 215. వీటికి తోడు, 2025 సెప్టెంబరు 21 తరువాత విదేశంలో ఉన్న వ్యక్తి కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపును అధ్యక్ష ప్రకటన ఒకటి జోడించింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి స్టేటస్ మార్చుకొనేవారికి, పొడిగింపులకు అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ ఆ అక్టోబరులో వివరించింది. ఈ అంశం కోర్టుల్లో నలుగుతున్నందున పిటిషన్ వేసే రోజున తాజా స్థితి చూసుకోవాలి.

శిక్షణ నిధి రుసుమును ఉద్యోగి నుంచి నేరుగాను, చుట్టుదారిలోను రాబట్టడం పూర్తిగా నిషిద్ధం. లాయరు రుసుము, ఇతర పిటిషన్ ఖర్చులు యజమాని వ్యాపార ఖర్చులు. వాటిని ఉద్యోగి మీద వేయడం వల్ల అతని చేతికి వచ్చేది ఇవ్వవలసిన జీతం కంటే తగ్గితే అది జీతం ఎగవేత కిందికే వస్తుంది. కుటుంబ సభ్యుల హెచ్-4 వీసా ఖర్చు, కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ ఖర్చు ఉద్యోగి పెట్టుకోవచ్చు. గ్రీన్ కార్డు దారిలో పర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) దశకు వచ్చినప్పుడు ప్రకటనల ఖర్చు, ఆ దశకు యజమాని తరఫు లాయరు రుసుము యజమానే భరించాలి, ఉద్యోగి ఇష్టపడి ఇస్తానన్నా తీసుకోరాదు.

‘రెండేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలి’ అనే బాండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ముందుగా వెళ్లిపోయినందుకు జరిమానా విధించడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. వాస్తవ నష్టానికి సహేతుకమైన అంచనాగా రాష్ట్ర చట్టం అంగీకరించే పరిహారం మాత్రమే కోరవచ్చు. ఒక గుండ్రని అంకె వేసి అందరి చేతా సంతకం పెట్టించుకొనే బాండు ఈ పరీక్షలో నిలబడటం కష్టం.

ఐదో అడుగు: చేరిక, ఐ-9

ఉద్యోగి మొదటి పనిదినానికి ఐ-9 ఫారం మొదటి భాగాన్ని తాను నింపాలి, మూడు పనిదినాల్లో రెండో భాగాన్ని యజమాని పత్రాలు చూసి నింపాలి. ఏ పత్రాలు చూపాలో ఎంచుకొనే హక్కు ఉద్యోగిదే. మరో సంస్థ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవారు మీ పిటిషన్ సక్రమంగా దాఖలైతే ఆమోదం రాకముందే పని మొదలుపెట్టవచ్చు. పాత సంస్థలోనే పొడిగింపు సకాలంలో వేసినవారు గడువు తీరాక 240 రోజుల వరకు పని కొనసాగించవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ ఫారం మీద ఆ సంగతి రాసి, దాఖలైనట్టు రసీదు జత చేయాలి. గడువు తేదీలను ఒక క్యాలెండరులో పెట్టుకోవడం ఇంగితం.

ఆరో అడుగు: ప్రాజెక్టు లేని (బెంచ్) కాలంలో జీతం

సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం. ఒక ఉద్యోగినికి ఎల్‌సీఏ జీతం ఏటా 96,000 డాలర్లు, అంటే నెలకు 8,000 అనుకుందాం. అక్టోబరు 1న ఎఫ్-1 నుంచి హెచ్-1బికి స్టేటస్ మారింది. క్లయింటు ప్రాజెక్టు మాత్రం జనవరి 10న మొదలవుతుంది. అమెరికాలోనే ఉన్నవారికి, పని చేసే అర్హత వచ్చిన రోజు నుంచి 60 రోజులు దాటితే జీతం మొదలు కావలసిందే, కనుక నవంబరు 30 నుంచి ఆమెకు జీతం రావాలి. డిసెంబరుకు పూర్తి 8,000 రావాలి. విదేశం నుంచి వచ్చినవారైతే దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోపే మొదలు కావాలి. ఇవి గరిష్ఠ గడువులు మాత్రమే. ఆమె అక్టోబరు 5న మీ ఆఫీసుకు వచ్చి శిక్షణలో కూర్చున్నా, మీరు చెప్పగా ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నా, ఆ రోజు నుంచే ఉద్యోగంలో చేరినట్టు లెక్క.

ఆ తరువాత ప్రాజెక్టు అయిపోయి మళ్లీ దొరికే వరకు గడిచే కాలానికి కూడా పూర్తి జీతం ఇవ్వాలి. పని లేకపోవడం, లైసెన్సు రాకపోవడం, క్లయింటు ఆన్‌బోర్డింగ్ ఆలస్యం కావడం యజమాని సమస్యలే. ఉద్యోగి తన సొంత కారణాల వల్ల తానుగా కోరుకున్న సెలవు, ప్రసూతి సెలవు, ప్రమాదం వల్ల పని చేయలేని స్థితి వంటివాటికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ కోరిక ఉద్యోగి నుంచే రావాలి, రాతపూర్వకంగా ఉండాలి, తేదీలు సహజంగా ఉండాలి. ప్రాజెక్టు ముగిసిన మర్నాడే మొదలై కొత్త ప్రాజెక్టు ముందురోజు ముగిసే ‘స్వచ్ఛంద సెలవు’ను దర్యాప్తు అధికారి నమ్మడు.

జీతం ఎంత ఇస్తున్నారో అంతే ముఖ్యంగా ఎలా ఇస్తున్నారో చూస్తారు. కనీసం నెలకొకసారి సమానంగా విభజించి చెల్లించాలి. క్లయింటు చెల్లించే బిల్ రేటులో 80 శాతం, 70 శాతం అనే లెక్కన ఇచ్చే సంస్థలు, ఏ నెలలోనూ ఆ మొత్తం ఎల్‌సీఏ జీతం కంటే తగ్గకుండా చూసుకోవాలి. జీతంలో కొంత భాగాన్ని పర్ డియమ్‌గా (రోజువారీ ఖర్చుల భత్యంగా) చూపి పన్ను లేకుండా ఇస్తే ఆ భాగం జీతం లెక్కలోకి రాదు. ఉద్యోగి దగ్గర నగదు తీసుకొని ఆ డబ్బుతోనే అతనికి ‘పేరోల్ రన్’ చేయడం అన్నిటికంటే ప్రమాదకరం. చెల్లించిన జీతం ఉద్యోగికి తిరిగి రాబట్టని రూపంలో చేరాలన్నది నిబంధన కనుక, అటువంటి పే స్టబ్‌లు రక్షణ కాకపోగా మోసానికి సాక్ష్యాలవుతాయి.

ఉద్యోగి డబ్ల్యూహెచ్-4 ఫారం మీద ఫిర్యాదు చేస్తే కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్ దర్యాప్తు చేస్తుంది. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. 2025 సెప్టెంబరులో ఆ శాఖ ప్రాజెక్ట్ ఫైర్‌వాల్ పేరుతో హెచ్-1బి సంస్థల మీద దర్యాప్తులను పెంచింది, శాఖ కార్యదర్శి ధ్రువీకరణతో ఫిర్యాదు లేకుండానే దర్యాప్తు మొదలుపెట్టే వీలును కూడా వాడుకుంటోంది. బాకీ జీతం చెల్లించడం ఒక ఎత్తయితే, చట్టంలో 1,000, 5,000, 35,000 డాలర్లుగా మొదలై ద్రవ్యోల్బణాన్ని బట్టి ఏటా పెరిగే జరిమానాలు మరో ఎత్తు. తీవ్రతను బట్టి కనీసం ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు కొత్త పిటిషన్లు వేయకుండా నిషేధం కూడా ఉంటుంది. చిన్న సంస్థకు జరిమానా కంటే నిషేధమే పెద్ద దెబ్బ. ఒక్క ఉద్యోగి ఫిర్యాదుతో మిగిలిన వారందరి పొడిగింపులు, గ్రీన్ కార్డులు ఆగిపోతాయి.

ఏడో అడుగు: పని ప్రదేశం మారినప్పుడు

2015 ఏప్రిల్ 9న సిమియో సొల్యూషన్స్ అనే సంస్థ కేసులో యూఎస్‌సీఐఎస్ అప్పీళ్ల విభాగం ఇచ్చిన నిర్ణయం తరువాత ఈ నియమం స్పష్టమైంది. ఎల్‌సీఏలో రాసిన మెట్రోపాలిటన్ ప్రాంతం దాటి పని ప్రదేశం మారితే, ఉద్యోగి అక్కడ పని మొదలుపెట్టకముందే కొత్త ఎల్‌సీఏతో సవరణ పిటిషన్ దాఖలు చేయాలి. ఇర్వింగ్‌లో పని చేస్తున్న ఉద్యోగి ప్లేనోలోని క్లయింటు దగ్గరికి మారితే రెండూ డాలస్ మెట్రో ప్రాంతంలోనివే కనుక, ఎల్‌సీఏ గడువు ఉన్నంతవరకు కొత్త చోట నోటీసు అతికిస్తే చాలు. అదే ఉద్యోగి ఆస్టిన్‌కు మారితే సవరణ తప్పనిసరి. దాఖలైన రసీదు చేతికి వస్తే పని మొదలుపెట్టవచ్చు. ఏడాదికి 30 పనిదినాలు, కొన్ని షరతులకు లోబడి 60 వరకు తాత్కాలికంగా వేరే చోట పని చేయించే వీలుంది, అయితే ఆ రోజుల ప్రయాణం, బస ఖర్చులు యజమానివే.

ఇంటి నుంచి పని మొదలయ్యాక ఈ నియమం ఉల్లంఘనకు గురయ్యే తీరు మారింది. ఉద్యోగి అద్దె తక్కువని మరో రాష్ట్రానికి మారిపోతాడు, క్లయింటుకు పట్టింపు ఉండదు, హెచ్ఆర్‌కు తెలియదు. చిరునామా మార్చే ముందు కనీసం నెల రోజుల ముందుగా తెలపాలన్న షరతును నియామక పత్రంలోనే పెట్టి, పేరోల్ చిరునామాను ఎల్‌సీఏ చిరునామాతో మూడు నెలలకొకసారి సరిచూసుకోవడం తేలికైన మార్గం.

ఎనిమిదో అడుగు: సైట్ విజిట్ వచ్చిన రోజు

యూఎస్‌సీఐఎస్‌లో మోసాల తనిఖీ చూసే ఎఫ్‌డీఎన్ఎస్ విభాగం అధికారులు ముందస్తు సమాచారం లేకుండా మీ ఆఫీసుకు, క్లయింటు ప్రదేశానికి, ఉద్యోగి ఇంటికి కూడా రావచ్చు. 2025 జనవరి నిబంధనల ప్రకారం సహకరించకపోవడం ఒక్కటే పిటిషన్ రద్దుకు కారణం కావచ్చు. ముందు తలుపు దగ్గర కూర్చున్నవారికి ఎవరిని పిలవాలో తెలిసి ఉండాలి. అధికారి గుర్తింపు కార్డు చూసి, పేరు రాసుకొని, బాధ్యత గల ఒకరు పక్కన ఉండి జవాబులివ్వాలి. తెలియని విషయాన్ని ఊహించి చెప్పడం కంటే ‘చూసి పంపిస్తాను’ అనడమే మేలు. ఉద్యోగి హోదా, విధులు, జీతం, పని చేసే చోటు, పర్యవేక్షకుడి పేరు, ఇలా పిటిషన్‌లో ఏముందో అవే వారి ప్రశ్నలు. పిటిషన్ ప్రతి ఉద్యోగికి ఇవ్వకుండా దాచిపెట్టే సంస్థలు ఈ రోజునే ఇబ్బంది పడతాయి. తన హోదా పేరు పిటిషన్‌లో ఏమని ఉందో తెలియని ఉద్యోగి నిజం చెప్పినా ఆ జవాబు సంస్థ పత్రాలతో కలవదు.

తొమ్మిదో అడుగు: ఉద్యోగం ముగిసినప్పుడు

ఉద్యోగిని తొలగిస్తే జీతం బాధ్యత ముగియడానికి మూడు పనులు జరగాలి. తొలగింపును ఉద్యోగికి స్పష్టంగా తెలియజేయడం, పిటిషన్ ఉపసంహరణకు యూఎస్‌సీఐఎస్‌కు రాయడం, స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు ఇవ్వజూపడం. ఈ మూడింటినీ కలిపి ‘నిజమైన తొలగింపు’గా కార్మిక శాఖ అప్పీళ్ల బోర్డు 2006లో ఆమ్‌టెల్ గ్రూప్ కేసులో పరిగణించింది. ఉపసంహరణ లేఖ పంపకుండా ఊరుకుంటే, ఉద్యోగి వెళ్లిపోయి నెలలు గడిచినా జీతం బాకీ పెరుగుతూనే ఉందని వాదించే అవకాశం మిగులుతుంది. తిరుగు ప్రయాణ ఖర్చు ఉద్యోగికి మాత్రమే, కుటుంబానికి కాదు. తానుగా రాజీనామా చేసినవారికి ఇవ్వనక్కరలేదు. ఉద్యోగి వేరే సంస్థకు మారుతున్నా ఖర్చు ఇవ్వజూపినట్టు ఒక ఈమెయిల్, అతను వద్దన్నట్టు జవాబు ఫైలులో ఉండాలి. తొలగించిన ఉద్యోగికి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ (దేశంలో ఉండి వేరే దారి చూసుకొనే గడువు) ఉంటుంది కనుక, చివరి తేదీని అస్పష్టంగా వదలకుండా లేఖలో రాయడం అతనికీ మేలే.

ఆ తరువాత మిగిలేది ఫైళ్లు. పబ్లిక్ యాక్సెస్ ఫైలును, ఆ ఎల్‌సీఏ కింద చివరి ఉద్యోగి పని మానేసిన తేదీ నుంచి ఏడాది ఉంచాలి. పేరోల్ రికార్డులను అవి తయారైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలి. ఐ-9 ఫారానికి చేరిన తేదీ నుంచి మూడేళ్లు, మానేసిన తేదీ నుంచి ఏడాది అనే రెండు లెక్కల్లో ఏది తరువాత వస్తే అది వర్తిస్తుంది. 2024 అక్టోబరు 1న చేరి 2027 మార్చి 31న వెళ్లిన ఉద్యోగి ఫారాన్ని 2028 మార్చి 31 వరకు భద్రపరచాలి.